గంటకి డెబ్భై డాలర్ల చేతులు

"నీ గంట విలువెంత బావా?"

కారు బెల్టు ఇంట్లోనే మార్చుకున్నానని మన తెలుగు సాఫ్ట్‌వేర్ జనాల మధ్య పొరపాటున అన్నామా, వచ్చే మొదటి ప్రశ్న ఇదే. బెల్టు ఎందుకు పోయిందని అడగరు. ఎలా మార్చావని అసలే అడగరు. సెల్‌ఫోన్ తీసి లెక్క మొదలుపెడతారు. ఏడాది జీతాన్ని 2080 గంటలతో భాగిస్తే, ఉదాహరణకి గంటకి డెబ్భై డాలర్లు. నీకు పనికి మూడు గంటలు పట్టింది కాబట్టి రెండొందల పది డాలర్లు తగలేశావు. "అదేదో మెకానిక్‌కి పడేస్తే పోయేదిగా?" ఈ లెక్క చెప్పేటప్పుడు వాళ్ళ మొహాల్లో కనిపించే జ్ఞానకాంతి చూసి తీరాలి.

ఈ లెక్క తప్పు. అమర్యాదగా అనిపించినా సరే, ఎందుకు తప్పో వివరంగా చెప్తాను. ఎందుకంటే ఇది లెక్క కాదు, ఒక ముసుగు.

ముందు లెక్క సంగతే చూద్దాం. శనివారం పొద్దున ఏడింటి నుంచి పదింటి దాకా నాకు ఎవడు ఇస్తున్నాడండీ గంటకి డెబ్భై? నాది నెల జీతం. ఆ మూడు గంటలు నేను ఆఫీసు పని చేసినా ఒక్క సెంటు ఎక్కువ రాదు. పోనీ బయట ఎక్కడైనా పని చేసి సంపాదిద్దామా అంటే, హెచ్‌వన్‌బీ మీద ఉన్నవాడు తనకి వీసా పెట్టిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ పని చెయ్యకూడదు. అంటే మనలో చాలామందికి శనివారం పొద్దున్న గంట బజారు ధర అక్షరాలా సున్నా. ఈ సంగతి ఐఐటీ వాడికి కూడా గుర్తు రాదు.

ఇంకో తమాషా ఉంది. ఇదే మనుషులు గ్యాలన్‌కి ఇరవై సెంట్లు తక్కువని కాస్ట్‌కో లైన్లో అరగంట నిలబడతారు. క్రెడిట్ కార్డు పాయింట్లు లెక్క కట్టడానికి ఎక్సెల్ షీటు రాస్తారు. ఊరి అవతలెక్కడో కొత్త బిర్యానీ హోటల్ తెరిచారని రానూపోనూ గంటన్నర డ్రైవింగ్ చేస్తారు. అప్పుడెప్పుడూ గంట విలువ గుర్తు రాదు. చేతికి గ్రీజు అంటుకునే పనికే గుర్తొస్తుంది. అసలు గొడవ గంటతో కాదు, గ్రీజుతో.

సరే, ఇంతకీ ఆ పనేమిటో తెలియకుండా ఈ వాదన ఎందుకు, చెప్తాను.

కారు బానెట్ ఎత్తితే ఇంజను పక్క వైపున ఒక పొడుగాటి నల్ల బెల్టు పాములా మెలికలు తిరిగి కనిపిస్తుంది. అందుకే దానికి సర్పెంటైన్ బెల్టు అని పేరు. ఇంజను కింద ఉండే క్రాంక్ పుల్లీ దాన్ని తిప్పుతుంది, అది మిగతా సామాన్లన్నిటినీ తిప్పుతుంది. కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్, కొన్ని బళ్ళలో పవర్ స్టీరింగ్ పంపు, చాలా బళ్ళలో ఇంజన్ని చల్లబరిచే వాటర్ పంపు కూడా. వెనకటికి ఒక్కోదానికి ఒక్కో వీ బెల్టు ఉండేది. 1979 ఫోర్డ్ మస్టాంగ్ కాలం నుంచి అన్నిటికీ కలిపి ఒకటే బెల్టు వాడే పద్ధతి వచ్చింది. మధ్యలో బెల్టుకి దారి చూపించడానికి ఐడ్లర్ పుల్లీలు ఉంటాయి. పుల్లీ అంటే ఏదో అనుకునేరు, మన నూతి గిలకే, కాకపోతే లోపల బాల్ బేరింగ్ ఉంటుంది. బెల్టు వదులవ్వకుండా స్ప్రింగుతో నొక్కిపెట్టి ఉంచేది టెన్షనర్. దాని చివర కూడా ఓ పుల్లీ.

దీన్ని టైమింగ్ బెల్టుతో కలపకండి. అది ఇంజను లోపలి వ్యవహారం. అది తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు వంగిపోయి వేలల్లో వదులుతుంది. దాన్ని ఇంట్లో మార్చమని నేను చెప్పట్లేదు. సర్పెంటైన్ బెల్టు తెగితే ముందు బ్యాటరీ లైటు వెలుగుతుంది. ఆ తర్వాత బ్యాటరీలో ఉన్నంతసేపే నడక. వాటర్ పంపు కూడా దాని మీదే ఉంటే అసలు ఆగకుండా నడపకూడదు, నిమిషాల్లో ఇంజను వేడెక్కిపోతుంది. ఆగస్టులో డాలస్ హైవే మీద, వెనక సీట్లో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో, ఇది జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

నా కారు 2013 మోడల్. ఇండియా వెళ్ళిపోతున్న ఒక అన్న దగ్గర కొన్నాను. పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే ముందు వైపు నుంచి పిచిక కిచకిచలాడినట్టు చప్పుడు. ఒక షాపుకి తీసుకెళ్ళాను. బెల్టు మార్చారు, డబ్బులు తీసుకున్నారు, చప్పుడు పోయింది. నాలుగు నెలలకి మళ్ళీ వచ్చింది. మళ్ళీ వెళ్తే బెల్టు మీద ఏదో స్ప్రే కొట్టి పంపించారు. వారానికి మళ్ళీ అదే చప్పుడు. మూడోసారి వెళ్తే మొత్తం బెల్టు, టెన్షనర్, పుల్లీలు, లేబర్ కలిపి 540 డాలర్లని కాగితం చేతిలో పెట్టారు. పోయిందేమిటి, ఎలా తెలిసింది అని అడిగితే సమాధానం లేదు. మన భాషలో చెప్పాలంటే సర్వర్ రీస్టార్ట్ చేసి టికెట్ క్లోజ్ చేశారు, అది మళ్ళీ తెరుచుకుంటే ఇంకోసారి రీస్టార్ట్ చేశారు, మూడోసారి కొత్త సర్వర్ కొనమన్నారు.

అదే మన ప్రొడక్షన్ సిస్టం అయితే రూట్ కాజ్ ఏదని గంటలకి గంటలు కాల్ మీద కూర్చుంటాం. మన పిల్లల్ని కూర్చోబెట్టుకుని గంటకి డెబ్భై మైళ్ళ వేగంతో వెళ్ళే యంత్రం విషయంలో మాత్రం "ఎంతైంది బాస్?" అని కార్డు గీకి వచ్చేస్తాం.

చప్పుడు ఎక్కడ నుంచో కనుక్కోవడం అంత బ్రహ్మవిద్య కాదు. ఇంజను తిరుగుతుండగా, చేతులూ చొక్కా అంచులూ దూరంగా ఉంచి, బెల్టు గాళ్ళున్న వైపు కాస్త నీళ్ళు చిమ్మాలి. చప్పుడు ఒక్క క్షణం పోయి మళ్ళీ వస్తే పుల్లీలు ఒక వరసలో లేవన్నమాట. నీళ్ళు పడగానే చప్పుడు ఇంకా పెరిగితే బెల్టు జారుతోంది, అంటే టెన్షన్ చాలట్లేదు. నాది మొదటి రకం. ఆ తర్వాత ఇంజను ఆపి, బెల్టు తీసి, ఒక్కో పుల్లీనీ చేత్తో తిప్పి చూడాలి. బాగున్న పుల్లీ నున్నగా తిరిగి కాసేపట్లో ఆగిపోతుంది, లోపల గ్రీజు ఆపుతుంది కాబట్టి. గ్రీజు ఎండిపోయింది మాత్రం గరగరమంటూ బొంగరంలా తిరుగుతూనే ఉంటుంది. తేలిగ్గా తిరుగుతోంది కదా అని మంచిదనుకోకూడదు. నా ఐడ్లర్ అలాగే తిరిగింది, పైగా పట్టుకుని ఊపితే పక్కకి కదిలింది. కొత్త బెల్టు ఆ వంకర పుల్లీ మీద నాలుగు నెలలు నడిచిందంటే అదే గొప్ప. షాపు వాళ్ళు బెల్టు మార్చినప్పుడు ఈ పుల్లీని ఒక్కసారి వేలితో తిప్పి ఉంటే చాలు. ఐదు సెకండ్ల పని.

అన్నట్టు బెల్టు మీద పగుళ్ళు లేవు కాబట్టి బాగానే ఉందనుకునే వాళ్ళకి ఒక మాట. పాత నియోప్రీన్ బెల్టులు పగిలేవి. ఇప్పుడొచ్చే ఈపీడీఎం రబ్బరు బెల్టులు అంత త్వరగా పగలవు, టైరులాగా అరుగుతాయి. గాళ్ళు లోతయిపోయి పట్టు పోతుంది. కంటికి కొత్తదానిలాగే కనిపిస్తుంది. ఎంత అరిగిందో చూసే చిన్న ప్లాస్టిక్ గేజి దొరుకుతుంది.

పని విషయానికొస్తే, బెల్టు, టెన్షనర్, ఐడ్లర్ పుల్లీ మూడూ కలిపి నాకు 108 డాలర్లయ్యాయి. బెల్టు మీద 7పీకే అనో 6పీకే అనో ఉండి పక్కన ఒక అంకె ఉంటుంది. మొదటిది గాళ్ళకి అటూ ఇటూ ఉండే గట్ల సంఖ్య, చివరిది మిల్లీమీటర్లలో పొడవు. టెన్షనర్ని వెనక్కి నెట్టడానికి సన్నగా పొడుగ్గా ఉండే పానా కావాలి. కొనక్కర్లేదు, ఆటోజోన్ లాంటి షాపులు డిపాజిట్ కట్టించుకుని అరువిస్తాయి, తిరిగిచ్చేస్తే డబ్బు వెనక్కిస్తారు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, బ్యాటరీ నెగెటివ్ తీగ తీసేసి మొదలుపెట్టాలి. బెల్టు ఏ పుల్లీ మీద నుంచి ఏ పుల్లీ కిందకి వెళ్తుందో ముందే ఫొటో తీసుకోవాలి. చాలా బళ్ళలో బానెట్ కింద బొమ్మ అంటించి ఉంటుంది కానీ పన్నెండేళ్ళకి ఆ కాగితం ఉంటుందని నమ్మకం లేదు. నా బండికి చక్రం తీసి పక్క నుంచి చెయ్యి పెట్టాల్సొచ్చింది. అలాంటప్పుడు జాకీని నమ్మి బండి పక్కన చెయ్యి పెట్టకండి, స్టాండు వెయ్యండి. ఇందులో బేరం లేదు.

టెన్షనర్ని పానాతో నెమ్మదిగా వెనక్కి నెడితే బెల్టు వదులవుతుంది. ఒక పుల్లీ మీద నుంచి తప్పించి, టెన్షనర్ని అంతే నెమ్మదిగా వదలాలి. టప్పున వదిలేస్తే స్ప్రింగు కొట్టే దెబ్బకి వేళ్ళు దక్కవు. పుల్లీ బోల్టు విప్పేముందు మీ బండి మాన్యువల్ చూడండి, కొన్ని టెన్షనర్ల పుల్లీ బోల్టుకి మర ఎడమచేతి వాటం ఉంటుంది. అది తెలియక బలం పెడితే విరుగుతుంది. కొత్తవి బిగించేటప్పుడు టార్క్ రెంచి వాడాలి. చివర్లో బెల్టు ప్రతి పుల్లీ మీదా సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడాలి. ఒక్క గాడి పక్కకి జరిగినా బెల్టు అంచు దారాలు దారాలుగా ఊడిపోతుంది. మొత్తం రెండుంపావు గంటలు. చప్పుడు పోయి ఆరు నెలలు దాటింది.

ఇక్కడి దాకా చదివినవాళ్ళలో సగం మంది మెకానికల్ చదివినవాళ్ళే అయ్యుంటారు. నేనూ అంతే. మనకి థియరీ ఆఫ్ మెషిన్స్‌లో బెల్టు డ్రైవులు ఉండేవి, గుర్తుందా? బిగువు వైపు టెన్షన్ని వదులు వైపు టెన్షన్‌తో భాగిస్తే, ఈ పవర్ మ్యూ థీటా. పది మార్కుల ప్రశ్న. ఈ ఫార్ములా మా క్లాసులో అందరికీ నోటికొచ్చు. చదును బెల్టు సగం చుట్టు తిరిగి, ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, ఆ నిష్పత్తి రెండున్నర పైచిలుకు. అదే 40 డిగ్రీల గాడిలో కూర్చునే బెల్టుకైతే మ్యూని సైన్ 20తో భాగించాలి కాబట్టి అది పదిహేను దాటుతుంది. ఆ చిన్న చిన్న గాళ్ళు అక్కడ ఎందుకున్నాయో, అరిగితే ఎందుకు జారుతుందో మొత్తం ఆ ఒక్క లైన్లో ఉంది. కానీ పరీక్షలో ఆ లెక్క చేసి డిస్టింక్షన్ తెచ్చుకున్న నా క్లాస్‌మేట్ ఒకడు, బానెట్ ఎత్తి ఆ బెల్టేదో చూపించమంటే ఏసీ గొట్టాన్ని చూపించాడు. వాడి తప్పు కాదు. నాలుగేళ్ళలో వాడికి ఆ బెల్టుని ఎవరూ చూపించలేదు.

ఫస్టియర్లో వర్క్‌షాప్ ల్యాబ్ ఉండేది. ఫిట్టింగ్, కార్పెంటరీ, టిన్ స్మితీ, హౌస్ వైరింగ్. ఇనప ముక్కని ఆకురాయితో రుద్ది వీ ఆకారంలో ఒకదాంట్లో ఒకటి కూర్చోబెట్టాలి. మా కాలేజీలో జరిగింది చెప్తాను, మీ కాలేజీలో వేరేగా జరిగుంటే సంతోషం. ల్యాబ్ అసిస్టెంట్ ఉండేవాడు, ఐటీఐ చదివినవాడు. ఎక్స్‌టర్నల్ రోజున సగం ముక్కలు ఆయనే రుద్దేవాడు. ఎప్రన్‌కి మరక కాకుండా పిల్లలు రికార్డులో బొమ్మలు వేసుకునేవాళ్ళు. పని వచ్చిన ఆయన్ని "ఏయ్ అసిస్టెంట్" అనేవాళ్ళు. పని రాని లెక్చరర్ని "సార్" అనేవాళ్ళు. నాలుగేళ్ళలో నేర్చుకున్న ఇంజనీరింగ్ సంగతి ఎలా ఉన్నా ఈ ఒక్క పాఠం మాత్రం మావాళ్ళకి గట్టిగా అబ్బింది.

విజయవాడ ఆటోనగర్ వెళ్ళి చూడండి. పదో తరగతి కూడా దాటని కుర్రాళ్ళు స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఏ బేరింగ్ పోయిందో చెప్తారు. డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టే. అదే పని డాక్టరు చేస్తే చదువు, ఈ కుర్రాడు చేస్తే "చదువు అబ్బక షెడ్డులో చేరాడు." మన ఇళ్ళల్లో పిల్లల్ని భయపెట్టే మాట కూడా ఇదేగా: "చదవకపోతే మెకానిక్ షెడ్డులో వేస్తా." ఆ మాట వింటూ పెరిగినవాడికి పానా పట్టుకోవడం అంటే ఓడిపోవడమనే అనిపిస్తుంది. దానికి తోడు ఎవరు ఏ పని చెయ్యాలో పుట్టుకతోనే నిర్ణయించిన సమాజం మనది. ఇనుము పని ఒక కులానికి, తోలు పని ఒక కులానికి, మట్టి పని ఒక కులానికి. మరక అంటని పని మాత్రం గొప్పది. ఆ పాత రోగాన్నే అమెరికా తీసుకొచ్చి దానికి "అవర్లీ రేట్" అని ఇంగ్లీషు పేరు పెట్టుకున్నాం. మనవాళ్ళకి కోపం రావచ్చు, రానివ్వండి.

నేను డ్రైవ్‌వేలో కారు కింద పడుకుని ఉండగా, వాకింగ్‌కి వెళ్తున్న ఒక అంకుల్ ఆగారు. ఎవరో తెలిసినవాళ్ళ నాన్నగారు, విజిటర్ వీసా మీద వచ్చారు. "ఏం బాబూ, ఉద్యోగం పోయిందా?" అని నిజంగా జాలిగా అడిగారు. "లేదండీ, బెల్టు మారుస్తున్నాను" అన్నాను. "అయ్యో, అంత కష్టమొచ్చిందా!" అన్నారు. ఆయన్ని ఏమీ అనను, పెద్దాయన. కానీ ఆయన కొడుకు గంట తర్వాత ఫోన్ చేసి "ఇంటి ముందు అలా చేస్తే మన కమ్యూనిటీ గురించి ఏమనుకుంటారు?" అన్నాడు. ఏమనుకుంటారో చెప్పనా? మా పక్కింటి అమెరికన్ ముసలాయన వచ్చి తన పెద్ద టార్చ్ లైటు ఇచ్చి వెళ్ళాడు. ఆయనా సంపాదించినవాడే. ఆయన గ్యారేజీలో గోడ నిండా పనిముట్లు. ఇక్కడి జనం తమ బండి తాము విప్పుకోవడాన్ని ఒక హక్కుగా చూస్తారు. మసాచుసెట్స్‌లో 2012లో రిపేరు హక్కు మీద ఓటింగ్ పెడితే నూటికి ఎనభై మందికి పైగా అవునన్నారు. మీరు ఇంట్లో బెల్టు మార్చుకున్నంత మాత్రాన వారంటీ చెల్లదనడానికి కంపెనీకి వీల్లేదు, 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం ఉంది. ఆ చట్టాలున్న దేశంలో ఇల్లు కొని, గ్యారేజీ కొని, ఆ గ్యారేజీలో మాత్రం బియ్యం బస్తాలు పెట్టుకుంటాం.

న్యాయమైన అభ్యంతరాలు లేవని కాదు. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళకి చాలా లీజుల్లో పార్కింగ్‌లో రిపేర్లు చెయ్యకూడదని ఉంటుంది, వాళ్ళనేమీ అనలేం. చంటిపిల్లలున్నవాళ్ళకి శనివారం రెండు గంటలు దొరకడమే గగనం. నడుం నొప్పి ఉన్నవాడు కారు కింద దూరక్కర్లేదు. టెన్షనర్ లేకుండా సాగదీసి ఎక్కించే బెల్టులున్న బళ్ళు కొన్ని ఉంటాయి, వాటికి వేరే పనిముటు కావాలి. కొన్ని బళ్ళలో ఇంజను మౌంటు విప్పితే గానీ చెయ్యి దూరదు, అవి షాపుకే ఇవ్వండి. "నాకు ఇష్టం లేదు" అన్నా సరే, అది నిజాయితీ గల సమాధానం. నాకు వంట ఇష్టం లేదు, అలాగే చెప్తాను. నా గంట విలువ దోసెపిండి రుబ్బేదానికన్నా ఎక్కువ అని మాత్రం అనను.

"అయినా ఎలక్ట్రిక్ కార్లొచ్చేశాయి, ఈ బెల్టులెందుకు" అని ఒకాయన. నిజమే, వాటికి ఈ బెల్టు లేదు. కానీ టైర్లు, బ్రేకులు, క్యాబిన్ ఫిల్టర్ ఉన్నాయి. ఆ ఫిల్టర్ మార్చడానికి కూడా ఆయన అపాయింట్‌మెంట్ తీసుకుంటాడని నాకు తెలుసు. ఇక టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకి ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ కూడా ఎత్తేశారు. కాబట్టి ఏడాదికోసారి ఇంకెవడో చూస్తాడులే అనుకునే వీలు కూడా పోయింది.

షాపుకే ఇస్తానంటారా, ఇవ్వండి. ఇచ్చేముందు ఒక్కసారి బానెట్ ఎత్తి బెల్టు చూడండి. పాత పుల్లీలు చూపించమని అడగండి, మీ ముందు తిప్పి చూపించమనండి. విసుక్కోకుండా చూపించిన మెకానిక్‌కి అడిగినంత ఇచ్చి, పేరు కనుక్కుని, పేరుతో పిలవండి.

డాలస్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళెవరికైనా బెల్టు పానా, స్టాండ్లు, టార్క్ రెంచి కావాలంటే నా దగ్గరున్నాయి. శనివారం పొద్దున్న ఏడింటికి రండి. పదకొండు దాటితే ఈ ఎండలో కాంక్రీటు మీద పడుకోవడం నా వల్ల కాదు. పాత బట్టలు వేసుకు రండి, టీ నేను పెడతాను.